సెమీఫైనల్స్‌కు ఇంత హంగామా అవసరమా?

2025లో అమెరికా కాలేజీ జట్ల జాతీయ బాస్కెట్‌బాల్ టోర్నీ సెమీఫైనల్స్ చూడటానికి శాన్ ఆంటోనియోలోని అలమోడోమ్‌కు వెళ్లాను. ఫుట్‌బాల్ ఆడేంత విశాలమైన స్టేడియం నడుమ చెక్క కోర్టు పరిచారు. పైవరుసలో కూర్చున్న నాకు ఆటగాళ్లు చీమల్లా కనిపించారు. చాలాసేపు పెద్ద తెరనే చూశాను. (టికెట్ ధర చెబితే ఇంట్లో యుద్ధమే!)

14 పాయింట్లు వెనకబడిన హ్యూస్టన్ చివర్లో పుంజుకుని 70-67తో డ్యూక్‌ను మట్టికరిపించినప్పుడు గొంతు పోయేలా అరిచాను, కాదనను. అయినా ఆ ఏడాది చివరికి మిగిలిన నాలుగూ నంబర్ వన్ సీడ్లే (జట్లను నాలుగు విభాగాలు చేసి, ఒక్కో దాంట్లో బలాన్ని బట్టి 1 నుంచి 16 వరకు సీడింగ్ ఇస్తారు), అంటే సంచలనమేమీ లేదు. ఈ టోర్నీ అసలు మజా తొలి రౌండ్‌లోనే ఉంది. 2018లో అట్టడుగు 16వ సీడ్ యూఎంబీసీ (మేరీల్యాండ్‌లోని ఓ యూనివర్సిటీ జట్టు), నంబర్ వన్ సీడ్ వర్జీనియాను 74-54తో చిత్తు చేసింది అక్కడే కదా! టీవీ వాళ్లకు మాత్రం ఆ నాలుగు జట్ల జపం తప్ప వేరే పని ఉండదు. వచ్చే మార్చిలో తొలి రౌండ్ జరిగే గురు, శుక్రవారాలు సెలవు పెడుతున్నాను.