గుమ్మడి బ్రెడ్డు కోసం ఇంట్లో కొట్టిన మసాలా: నాలుగు వాయిల లెక్క

మేముండే అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో సెప్టెంబరు మొదలైందంటే చాలు, కొట్ల ముందు గుమ్మడికాయలు గుట్టలు పడతాయి, లోపల పంప్‌కిన్ పై స్పైస్ (‘పై’ అనే తీపి వంటకాన్ని గుమ్మడితో చేసేటప్పుడు వేసే మసాలా) అనే చిన్న డబ్బాలు వరుసలు తీరుతాయి. పేరులో గుమ్మడి ఉన్నా ఆ డబ్బాలో గుమ్మడి ఉండదు. దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం, ఆల్‌స్పైస్ కలిపిన పొడి మాత్రమే ఉంటుంది. మెకార్మిక్ సంస్థ ఈ మిశ్రమాన్ని 1934లో అమ్మకానికి పెట్టింది. ఈ అయిదింటిలో నాలుగు మన వంటింటికి తరతరాలుగా తెలిసినవే కనుక, ఈ ఏడాది కొనకుండా నేనే కొట్టుకోవాలని సంకల్పించాను. తూకాలన్నీ 0.1 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు మీద తూచాను. ప్రతి వాయినీ ఒకే పాళ్లతో చేసిన గుమ్మడి బ్రెడ్డులో పరీక్షించాను: మైదా 210 గ్రాములు, గుమ్మడి గుజ్జు 240 గ్రాములు, చక్కెర 200 గ్రాములు, నూనె 120 మి.లీ., గుడ్లు 2, వంటసోడా ఒక టీ చెంచా, ఉప్పు అర చెంచా, మసాలా 6 గ్రాములు. ఓవెన్‌లో 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గంటసేపు.

సెప్టెంబరు 8, మొదటి వాయి

చెక్క 20 గ్రాములు, శొంఠి 8, జాజికాయ 6, లవంగాలు 6, ఆల్‌స్పైస్ 6. గరం మసాలాకు అలవాటు పడిన చెయ్యి కావడంతో, అన్నింటినీ బాణలిలో సన్నని సెగ మీద దోరగా వేయించి, చల్లార్చి పొడి చేశాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. బ్రెడ్డు మాత్రం పైపొర చేదెక్కింది, రెండో ముక్క తినేసరికి నాలుక మొద్దుబారింది. ఎదురింటి పెద్దావిడకు ఒక ముక్క ఇస్తే, ఆమె నెమ్మదిగా నమిలి, వాసన చాలా బాగుందని, కానీ ఇందులో గుమ్మడి ఎక్కడా తగలడం లేదని చెప్పారు.

ఆ మాటను పట్టుకుని ఆలోచిస్తే రెండు తప్పులు బయటపడ్డాయి. కూరలో చివర చిటికెడు చల్లే మసాలాను వేయించుకోవడం సబబే గానీ, ఈ పొడి పిండిలో కలిసి గంటసేపు ఓవెన్ వేడికి ఎలాగూ కాగుతుంది. ముందుగా వేయిస్తే తేలికగా ఎగిరిపోయే పరిమళం బాణలిలోనే పోయి, బరువైన ఘాటు, చేదు మిగులుతాయి. రెండో తప్పు లవంగం లెక్క. ఆల్‌స్పైస్ అనే పేరు విని చాలామంది అది అనేక దినుసుల మిశ్రమం అనుకుంటారు, నిజానికది జమైకాలో పెరిగే ఒకే చెట్టు కాయ, మిరియం కన్నా కాస్త పెద్దదిగా, గోధుమరంగులో ఉంటుంది. లవంగానికి ఘాటునిచ్చే యూజినాల్ అనే తైలమే ఆల్‌స్పైస్‌లోనూ ప్రధానంగా ఉంటుంది. అంటే 6 గ్రాముల లవంగం వేశానని నేననుకున్నా, నాలుకకు అంతకన్నా ఎక్కువే తగిలింది.

సెప్టెంబరు 22, రెండో వాయి

వేయించడం మానేశాను. లవంగాలను 3 గ్రాములకు, ఆల్‌స్పైస్‌ను 4 గ్రాములకు తగ్గించాను. రుచి చాలావరకు దారిలో పడింది. ఈసారి ఇబ్బందంతా పొడి కొట్టడంలోనే ఎదురైంది, దానిని కొంచెం వివరంగా రాస్తాను.

శొంఠి కొమ్ములను నేరుగా కాఫీ గింజల మరలో వేస్తే, పిండి ఒకవైపు, దూది లాంటి పీచు ఒకవైపు విడిపోయాయి. ఆ పీచు బ్రెడ్డులో పళ్లకు అడ్డం పడింది. కొమ్ములను ముందు ఇత్తడి కల్వంలో నలగ్గొట్టి, తరువాత మరలో తిప్పి, సన్న జల్లెడలో రెండుసార్లు జల్లించడమే దీనికి మార్గం. 20 గ్రాముల కొమ్ములకు నాకు 14 గ్రాముల పొడి వచ్చింది, కాబట్టి తూకం ఎప్పుడూ జల్లించిన తరువాతే వేయాలి. జాజికాయలో నూనె ఎక్కువ. మరలో వేసిన జాజికాయ బ్లేడుల కింద తడి మట్టిలా అట్టకట్టి, చెంచా కొసతో గీకితే గాని రాలేదు. ఈ సంగతి ఫోనులో చెబితే రాజమహేంద్రవరం నుంచి మా అమ్మ, "జాజికాయను మరలో వేశావుటే? చంటిపిల్లలకు సానరాయి మీద ఎలా అరగదీసేవాళ్లమో మరిచిపోయావా?" అంది. అప్పటి నుంచి సన్నని తురుముపీట మీద, పిండి కలిపే ముందే తురుముతున్నాను. అలా తురిమిన జాజికాయను కోసి చూస్తే, లేత గోధుమరంగు మీద ముదురు గీతలు పాలరాయి మీద చారల్లా కనిపిస్తాయి; ఆ గీతల్లోనే నూనె ఉంటుంది.

మర మూత విషయంలో ఒక హెచ్చరిక అవసరం. నాలుగైదుసార్లు లవంగాలు తిప్పేసరికి అద్దంలా ఉన్న ప్లాస్టిక్ మూత లోపలివైపు మసకబారింది, ఎంత తోమినా పోలేదు. లవంగ తైలం కొన్ని రకాల ప్లాస్టిక్‌ను తినేస్తుంది. ఇప్పుడు లవంగాలను, ఆల్‌స్పైస్‌ను కల్వంలోనే దంచుతున్నాను. రెండూ పెళుసుగా ఉంటాయి కనుక పెద్ద శ్రమ లేదు. మరను శుభ్రం చేయడానికి గుప్పెడు పొడి బియ్యం తిప్పి పారబోస్తే వాసన పోతుంది.

అక్టోబరు 6, మూడో వాయి

ఈ వాయి అంతా చెక్క కోసమే. మన కిరాణా కొట్లలో దొరికే మందపాటి, గట్టి చెక్క కాసియా జాతిది. శ్రీలంక చెక్క పలుచని పొరలు చుట్టలు చుట్టుకుని, వేళ్లతో నొక్కితే పొడిపొడిగా విరుగుతుంది. మిగతా దినుసులు మార్చకుండా, ఒక బ్రెడ్డులో ఒకటి, ఇంకొక బ్రెడ్డులో ఇంకొకటి వేశాను. శ్రీలంక చెక్క సీసాలో వాసన చూస్తే సుకుమారంగా, నిమ్మ పూత గుర్తుకొచ్చేలా ఉంది, కానీ గంటసేపు కాలిన బ్రెడ్డులో గుమ్మడి, బెల్లపు రుచి గల ముదురు చక్కెరల కింద దాదాపు మాయమైంది. కాసియా నిలబడింది. నా ఎంపిక బ్రెడ్డుకు కాసియాయే. అయితే కాసియాలో కూమరిన్ అనే సహజ రసాయనం ఎక్కువ, మోతాదు మించి రోజూ తింటే అది కాలేయానికి మంచిది కాదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ రోజుకు శరీర బరువులో కిలోకు 0.1 మిల్లీగ్రాము మించరాదని పరిమితి పెట్టింది. అందువల్ల పిల్లల ఓట్స్‌లో, పాలలో రోజూ చల్లే పొడికి శ్రీలంక చెక్కనే విడిగా ఉంచాను.

అక్టోబరు 20, నాలుగో వాయి

నిన్న మా రాష్ట్ర రాజధాని కొలంబస్‌కు దక్షిణాన ఉన్న సర్కిల్‌విల్ గుమ్మడి జాతరకు వెళ్లివచ్చాము. 1903లో మొదలైన ఆ జాతర ఏటా అక్టోబరు మూడో బుధవారం నుంచి నాలుగు రోజులు జరుగుతుంది. అక్కడ తిన్న గుమ్మడి పైలో అన్నిటికన్నా ముందు నాలుకకు తగిలింది శొంఠి, ఆ తరువాత చెక్క, లవంగం మింగిన తరువాత గొంతులో లీలగా. నా పొడిలో ఆ వరుస తారుమారుగా ఉందని అక్కడే అర్థమైంది.

ఇంటికి వచ్చి కొట్టిన వాయి ఇది: కాసియా చెక్క 22 గ్రాములు, జల్లించిన శొంఠి 10, తురిమిన జాజికాయ 5, ఆల్‌స్పైస్ 4, లవంగం 2. మొత్తం 43 గ్రాములు, ఏడు బ్రెడ్డులకు సరిపోతుంది. పాళ్లు సరిచూడడానికి ప్రతిసారీ బ్రెడ్డు కాల్చనవసరం లేదని కూడా ఈ వాయిలోనే నేర్చుకున్నాను. రెండు చెంచాల వెన్న కరిగించి, పావు చెంచా పొడి వేసి, సన్న సెగ మీద అర నిమిషం ఉంచి, అందులో నాలుగు చెంచాల గుమ్మడి గుజ్జు, చెంచా చక్కెర కలిపి రుచి చూస్తే బ్రెడ్డు ఎలా ఉండబోతుందో చాలావరకు తెలిసిపోతుంది. ఈ సువాసనలు నీటిలో కన్నా కొవ్వులో బాగా కరుగుతాయి, సీసా మూత తీసి వాసన చూడడం వల్ల ఆ సంగతి తెలియదు. బ్రెడ్డులో కూడా పొడిని మైదాతో కాక నూనెలో కలిపి పది నిమిషాలు ఉంచుతున్నాను.

గుమ్మడి సంగతి క్లుప్తంగా: హాలోవీన్ పండుగకు ముఖాలు చెక్కే పెద్ద కాయల్లో నీరెక్కువ, రుచి తక్కువ, వాటితో వద్దు. చిన్న పై గుమ్మడిని రెండు చెక్కలు చేసి, 400 డిగ్రీల దగ్గర 50 నిమిషాలు కాల్చి, గుజ్జును పలుచని గుడ్డలో గంటసేపు వేలాడదీస్తే సరిపోతుంది.

నవంబరు 3

నాలుగో వాయి బ్రెడ్డును కాల్చిన రోజు ఒక ముక్క, మరునాడు ఒక ముక్క, మూడో రోజు ఒక ముక్క తిని చూశాను. కాల్చిన రోజు శొంఠి కాస్త విడిగా తెలిసింది. మరునాటికి అన్నీ కలిసిపోయాయి. మూడో రోజు లవంగం కొద్దిగా ముందుకొచ్చింది గానీ హద్దు దాటలేదు. లవంగాన్ని 2 గ్రాముల దగ్గర ఆపింది ఇందుకే. మిగిలిన పొడిని చిన్న గాజు సీసాలో నిండుగా నింపి, పొయ్యికి దూరంగా ఉన్న అరలో, తేదీ రాసిన చీటీ అంటించి పెట్టాను. రెండు నెలలకు మించి ఉంచను, ఎక్కువ కొట్టి నిలవ చేయడం కన్నా దినుసులను దినుసులుగా ఉంచుకోవడమే మేలు.

ఈ ఉదయం ఎదురింటి పెద్దావిడకు మళ్లీ ఒక ముక్క పట్టుకెళ్లాను. తిని, ఈ నెల నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ పండుగకు తాను చేసే రెండు పైలకు ఈ పొడి నాలుగు చెంచాలు కావాలని అడిగారు. ఆమె కోసం రేపు మళ్లీ శొంఠి జల్లించాలి.