హార్డ్ డిస్క్ కనపడట్లేదంటే, ఎక్కడ కనపడట్లేదు?

మా చుట్టాల్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది. అందులో ఎక్కువగా వినేది "హార్డ్ డిస్క్ పెట్టాను, కంప్యూటర్ గుర్తుపట్టట్లేదు" అనే మాట. ఇంతమాత్రం విని సలహా చెప్పడం కుదరదు. దిస్ పీసీలో కనపడట్లేదా, విండోస్‌లో డిస్క్‌లన్నిటినీ చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కూడా లేదా, క్యాబినెట్ లోపలి డిస్కైతే బయోస్‌లోనైనా (విండోస్ కంటే ముందు తెరిచే సెట్టింగుల తెర) పేరు వస్తోందా, అసలు లైటే వెలగట్లేదా? ఒక్కోదానికీ కారణం వేరు, చేయాల్సిన పనీ వేరు. ఇంటర్నెట్ వీడియోలు చూస్తే మాత్రం చాలావాటిలో తిప్పితిప్పి ఫార్మాట్ దగ్గరికే తీసుకెళ్తారు. డిస్క్ కనపడుతుంది నిజమే, లోపలున్నవి పోతాయి.

ఈమధ్య మా పిన్ని కొడుకు రాజమండ్రి నుంచి ఫోన్ చేశాడు. పెళ్ళి ఫొటోలు, వీడియోలు అన్నీ ఫొటోగ్రాఫర్ ఒక పోర్టబుల్ డిస్క్‌లో వేసి ఇచ్చాడట. లాప్‌టాప్‌కి పెడితే టింగుమని చప్పుడొస్తోంది, లైటు వెలుగుతోంది, దిస్ పీసీలో మాత్రం ఏమీ రావట్లేదు. "అన్నయ్యా, డిలీట్ వాల్యూమ్ కొట్టి న్యూ సింపుల్ వాల్యూమ్ పెట్టమంటున్నారు వీడియోలో, కొట్టేయనా?" అన్నాడు. ఒరేయ్ ఆగరా బాబూ అని, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేయించి, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిపించి, దాని ఫొటో పంపమన్నాను.

ఫొటో చూడగానే సగం టెన్షన్ తగ్గింది. డిస్క్ మొదట్లో 200 ఎంబీల ఈఎఫ్ఐ పార్టిషన్ (బూటింగ్ కోసం పెట్టే చిన్న భాగం), మిగతాదంతా ఒకే పెద్ద పార్టిషన్, హెల్దీ అని రాసి ఉంది కానీ దానికి డ్రైవ్ లెటర్ (డీ, ఈ లాంటి అక్షరం) లేదు, ఫైల్ సిస్టమ్ (ఫైళ్ళు దాచే పద్ధతి) పేరూ లేదు. మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన డిస్క్ విండోస్‌కి చాలావరకు ఇలాగే కనపడుతుంది. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళలో మ్యాక్ వాడేవాళ్ళు చాలామంది. ఏపీఎఫ్ఎస్, హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ అనే ఆ ఫార్మాట్లను చదవడం విండోస్‌కి సొంతంగా రాదు. పార్టిషన్ మీద రైట్ క్లిక్ చేస్తే అన్ని ఆప్షన్లూ మసకగా ఉండి డిలీట్ వాల్యూమ్ ఒక్కటే నల్లగా, నొక్కమన్నట్టు ఉంటుంది. ఈ డిస్క్‌తో విండోస్ చేయగలిగిన పని అదొక్కటే కాబట్టి అలా చూపిస్తుంది, నొక్కకండి. మావాడు వాళ్ళ ఆఫీసులో ఎవరిదో మ్యాక్‌బుక్ అడిగి, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్ చేసిన ఇంకో డిస్క్‌లోకి అంతా కాపీ చేసుకున్నాడు. ఎక్స్‌ఫ్యాటే ఎందుకంటే, విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌ని మ్యాక్ చదువుతుంది కానీ మామూలుగా అందులో రాయలేదు, ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, మన పెళ్ళి వీడియోలేమో ముహూర్తం దాకా రాకముందే 4 జీబీ దాటేస్తాయి.

అసలు లైటే వెలగకపోతే, లేదా వెలిగి ఆరి వెలిగి ఆరి చేస్తుంటే, సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్ళకండి, అది కరెంటు సంగతి. చిన్న 2.5 అంగుళాల డిస్క్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది. యూఎస్‌బీ 2 పోర్ట్ ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ లాగుతుంది, అక్కడే పాత పోర్ట్‌లూ హబ్‌లూ చేతులెత్తేస్తాయి. హబ్ తీసేసి, క్యాబినెట్ ముందు పోర్ట్ కాకుండా వెనక మదర్‌బోర్డ్ పోర్ట్‌కే పెట్టి చూడండి. తర్వాత కేబుల్ మార్చండి. ఆ వెడల్పాటి మైక్రో బీ పిన్ను ఊరికే వదులవుతుంది, పోర్టబుల్ డిస్క్‌లతో నేను చూసిన గొడవల్లో దానిదే పెద్ద వాటా. పెద్ద 3.5 అంగుళాల డిస్క్‌కి 12 వోల్టుల అడాప్టర్ విడిగా ఉంటుంది. అది పోయిందని, పిన్ను పట్టింది కదా అని, ఇంట్లో ఉన్న రౌటర్ అడాప్టర్ పెట్టకండి. కొన్ని 9 వోల్టులవి, 12 వోల్టులవైనా చాలావాటికి ఆంపియర్లు చాలవు.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనపడుతూ లెటర్ మాత్రం లేకపోతే లెటర్ ఇస్తే సరిపోతుంది, ఆఫ్‌లైన్ అని ఉంటే ఆన్‌లైన్ చేయాలి. కొత్త డిస్క్‌కి నాట్ ఇనీషియలైజ్డ్ అని రావడం మామూలే, పార్టిషన్ల పట్టిక ఏ రకమని అడిగితే జీపీటీ ఎంచుకోండి, పాత రకమైన ఎంబీఆర్ పెడితే 2 టీబీ దగ్గరే ఆగిపోతుంది. అదే మెసేజ్ డేటా ఉన్న పాత డిస్క్‌కి వస్తే క్యాన్సిల్. "ఫార్మాట్ చేస్తేనే వాడగలరు" అని వచ్చినా క్యాన్సిలే. ఇక్కడ చాలామంది విండోస్‌లోని రిపేర్ టూల్ చెక్‌డిస్క్ నడపమంటారు, నాకది నచ్చదు. రిపేర్ చేయమంటే అది డిస్క్ మీద రాస్తుంది, చావుకి దగ్గరపడ్డ డిస్క్‌ని గంటలకొద్దీ తిప్పుతుంది. ముందు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో 05, సీ5, సీ6 వరసలు చూడండి: పాడైతే వేరేవాటితో మార్చేసిన సెక్టార్లు (డేటా ఉండే చిన్న గళ్ళు), చదవలేక అనుమానంలో పెట్టినవి, ఇక చదవలేనివి. సీ5 పెరుగుతూ ఉంటే డేటా కాపీ తీయడం తప్ప ఇంకే పనీ పెట్టుకోకండి. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే టూల్‌తో మొత్తం డిస్క్ ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి, టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటి రికవరీ టూల్స్ ఏవైనా ఆ ఇమేజ్ మీదే నడపాలి. సీ7 (డేటా కేబుల్‌లో వెళ్ళేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతుంటే మాత్రం ముందు కేబుల్‌నే అనుమానించండి.

డెస్క్‌టాప్‌లో కొత్తగా ఎం.2 ఎస్‌ఎస్‌డీ (మదర్‌బోర్డ్ మీదే గుచ్చే సన్నటి డిస్క్) పెట్టాక పాత డిస్క్ బయోస్‌లోంచి మాయమైందా? మదర్‌బోర్డ్ మాన్యువల్ తీయండి. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్ వాడితే డిస్క్ కేబుల్ పెట్టే సాటా పోర్ట్‌లు ఒకటో రెండో ఆగిపోతాయి, కేబుల్ పక్క పోర్ట్‌కి మారిస్తే డిస్క్ మళ్ళీ వస్తుంది. ఇంకోటి, 11వ తరం ఇంటెల్ నుంచి వచ్చిన చాలా లాప్‌టాప్‌లలో విండోస్ కొత్తగా ఎక్కించేటప్పుడు ఎస్‌ఎస్‌డీ అసలు కనపడదు, ఇంటెల్ స్టోరేజ్ కంట్రోలర్‌కి కావాల్సిన వీఎండీ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి లోడ్ చేయాలి. ఎస్‌ఎస్‌డీ పోయిందని చెప్పి కొత్తది అంటగట్టే షాపులు ఉన్నాయి, జాగ్రత్త.

టక్ టక్ టక్ అని కొట్టుకుంటుంటే వెంటనే పీకేయండి. లోపల డేటా చదివే హెడ్డు పోయి ఉండొచ్చు, తిప్పినకొద్దీ ప్లేట్లు గీరుకుపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టడం, ఇంట్లోనే మూత విప్పడం లాంటివి వద్దు. అదే మోడల్ ఇంకో డిస్క్ కొని దాని బోర్డు బిగించడం కూడా ఈ కాలం డిస్క్‌లలో చాలాసార్లు పనిచేయదు, ఆ ఒక్క డిస్క్‌కే సరిపోయే లెక్కలు పాత బోర్డు చిప్‌లో ఉంటాయి. రికవరీ షాపుకి ఇస్తే, ముందు ఇమేజ్ తీస్తారా అని, డేటా రాకపోతే ఎంత తీసుకుంటారని, మూత విప్పాల్సి వస్తే ఎక్కడ విప్పుతారని డిస్క్ చేతికివ్వకముందే అడగండి. అక్కడే టేబుల్ మీద స్క్రూడ్రైవర్ తీస్తే డిస్క్ వెనక్కి తీసుకుని వచ్చేయండి.