గుణుపురం దాకా రైలు, ఆ తర్వాత

శ్రీకాకుళం జిల్లా నౌపాడలో, ఒడిశాలోని గుణుపురం వెళ్లే ప్యాసింజర్ ఎక్కేసరికే కిటికీ పక్క సీట్లన్నీ అయిపోయాయి. ఎదురు సీట్లో ఒకావిడ, కాళ్ల దగ్గర రెండు సంచులు. ఎక్కడికమ్మా అంటే, కూతురిల్లు పర్లాకిమిడిలో అంది. "మన బస్సులో ఆడోళ్లకి ఫ్రీయే గానీ, కిమిడి దాకా వెళ్లే బస్సుకి టికెట్టు కొట్టాల బాబూ. అందుకే పాతపట్నంలో దిగిపోయి అక్కడ్నించి నడిచేస్తాను. ఇవాళ మోకాళ్ల నొప్పి, రైలెక్కీసినాను."

2025 ఆగస్టు 15న ఆంధ్రలో మొదలైన స్త్రీశక్తి పథకం రాష్ట్రం దాటే సర్వీసులకు వర్తించదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు మిగిలింది. చుట్టరికాలు మాత్రం రెండు ఊళ్లకీ కలిసే ఉన్నాయి. పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ల మధ్య ప్రయాణానికి రెండు ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకోలేవా అని నాకు నిజంగా బాధేసింది.

నేను వెళ్తున్నది గుణుపురంలో ఉన్న మా పిన్ని దగ్గరికి. చిన్నప్పుడు ఆమె ఇంటికి వెళ్లడమంటే చిన్నబండి ఎక్కడమే. రెండున్నర అడుగుల పట్టాల మీద మెల్లగా పోయేది. పర్లాకిమిడి రాజావారు గౌరచంద్ర గజపతి వేయించిన లైను అది. 1900లో నౌపాడ నుంచి పర్లాకిమిడికి వచ్చింది. మొదటి ఏళ్లన్నీ నష్టాలే. 1910 తర్వాత కాస్త మిగలడం మొదలైంది, 1924 తర్వాతే చెప్పుకోదగ్గ లాభం. ఆ తర్వాత లైను 1931 నాటికి గుణుపురం చేరింది. నష్టం వస్తోందని మధ్యలో పట్టాలు పీకేసి ఉంటే ఈ వంశధార లోయకి రైలే ఉండేది కాదు. ఇప్పుడు పల్లె బస్సుల లెక్క ఏడాదికే తేల్చేయాలని చూసేవాళ్లకి ఈ చిన్నబండి కథ చెప్పాలనిపిస్తుంది.

2004లో చిన్నబండి ఆగిపోయింది. పెద్ద పట్టాల మీద రైలు పర్లాకిమిడికి 2010లో, గుణుపురానికి 2011లో వచ్చింది. మధ్యలో ఆ ఏడేళ్లూ పిన్ని పుట్టింటికి రావడమే తగ్గించేసింది.

గుణుపురంలో పట్టాలు అయిపోతాయి. జిల్లా కేంద్రం రాయగడకి రైల్లోనే వెళ్లాలంటే మళ్లీ నౌపాడ దాకా వెనక్కి వచ్చి, విజయనగరం, పార్వతీపురం చుట్టి వెళ్లాలి. గుణుపురం నుంచి రాయగడ దగ్గరి తెరుబలికి 73.62 కిలోమీటర్ల కొత్త లైనుకి కేంద్ర కేబినెట్ 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. అది పూర్తయితే ఈ చుట్టు తిరుగుడు ఉండదు. "నేనుండగా ఎక్కుతానా?" అంది పిన్ని అన్నం వడ్డిస్తూ. నేనేమీ అనలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే పుట్టాసింగి వైపు వెళ్లే చిన్న బస్సెక్కాను. సవర గిరిజనుల ఊళ్లవి, అంతా కొండదారి. పంచాయతీల నుంచి మన మండలంలాంటి బ్లాకుకీ, బ్లాకు నుంచి జిల్లా కేంద్రానికీ బస్సు ఉండాలని ఒడిశా ప్రభుత్వం 2023 అక్టోబరులో దక్షిణ జిల్లాల్లో మొదలుపెట్టిన పథకం ఇది. 2024లో ప్రభుత్వం మారాక పేరు ముఖ్యమంత్రి బస్ సేవ అయింది గానీ, నా పక్కనున్నవాళ్లు ఇంకా లక్ష్మీ బస్సనే అంటున్నారు.

బస్సులో మూడు భాషలు. కండక్టరు ఒడియాలో చిల్లర అడిగితే వెనక నుంచి తెలుగులో జవాబు, దాని మీద సవరలో నవ్వులు. పసుపు మూటతో ఒక ముసలామె, బిడ్డకి టీకా వేయించుకొస్తున్న తల్లి, పరీక్ష ఫీజు కట్టడానికి వెళ్తున్న కుర్రాడు. ఇదివరకు ఎలా వచ్చేవాళ్లని అడిగాను. జీపులో, అన్నాడు కుర్రాడు. జీపు నిండితే కదుల్తుంది, బస్సు టైమైతే కదుల్తుంది. వాడు మామూలుగా అన్న ఆ మాటే నాకు రోజంతా చెవిలో ఉండిపోయింది. నిండేదాకా రెండు గంటలు కూర్చున్న మనిషికి ఆస్పత్రిలో ఓపీ అయిపోతుంది, సంతలో బేరం అయిపోతుంది.

తిరుగు దారిలో కొంత దూరం నడుద్దామని మధ్యలో దిగాను. తారు రోడ్డు బాగుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైనప్పుడు గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఊరికైనా రోడ్డు వేయాలన్నారు. కానీ రోడ్డు అంచు తారు దగ్గరే తెగిపోయింది, ఆ పక్కనే గోతులు. మూటలు మోసే ఆడవాళ్లు వరసగా తారు మీదే నడుస్తున్నారు, లారీ హారన్ కొడితే గోతిలోకి దిగుతున్నారు. తొమ్మిదో తరగతి పిల్లలు ప్రభుత్వమిచ్చిన సైకిళ్లు ఎత్తు మీద తోసుకుంటూ పోతున్నారు. సైకిలిచ్చిన ప్రభుత్వమే అది నడిచే జాగా కూడా ఇవ్వాలి కదా. రెండడుగుల గట్టి అంచు, బస్సాగే చోట నీడ, సైకిల్ పెట్టుకోవడానికి ఒక స్టాండు. కోట్ల ఎస్టిమేట్లలో వీటికయ్యేది ఎంతని?

మలుపు దగ్గర చింతచెట్టు కింద కూర్చున్నాను. బోర్డు లేదు, షెడ్డు లేదు. కాసేపటికి పొద్దుటి పసుపు ముసలామే అక్కడికొచ్చింది, పసుపు ఖాళీ అయిన గోనెలో ఉప్పు, కిరసనాయిలు సీసా. ఇంకా పైఊళ్లో బంధువులింటికి వెళ్లాలట. బస్సెప్పుడొస్తుందని అడిగితే వచ్చీ రాని తెలుగులో "ఎండ ఆ రాయి మీదికొస్తే" అని కొండ వైపు చూపించింది. నా ఫోన్లో సిగ్నల్ లేదు. ఎండ రాయికి ఇంకా జానెడు దూరంలో ఉంది.

కింద మలుపులో ఇంజన్ చప్పుడు వినపడేసరికి ఆమె అప్పటికే మూట నెత్తిన పెట్టుకుని, చీర కుచ్చిళ్లు దోపుకుని, లేచి నిలబడి ఉంది.