ఆకుపచ్చ గుడ్డకు ఫాల్

శనివారం. గ్లాస్గోలో పొద్దున్నుంచీ తుంపర పడుతూనే ఉంది. బాబును ఫుట్‌బాల్ ఆటకు దింపి చర్చికి వెళ్ళాను. చీర అంచుకు ఫాల్ కుట్టుకోవడం నాకు వచ్చని నిరుడెప్పుడో నోరు జారాను. ఇక్కడ ప్రసంగ వేదిక ముందు వేలాడే గుడ్డను కూడా ‘ఫాల్’ అనే అంటారు. దాని అంచు ఊడగానే మా పెద్దావిడకు నేను గుర్తొచ్చాను.

చర్చి పండుగలను, కాలాలను బట్టి ఈ గుడ్డ రంగు మారుతుంది. పెంతెకొస్తు పండుగకు ఎరుపు అయింది, ఆ తర్వాతి త్రిత్వ ఆదివారానికి తెలుపు అయింది. రేపటి నుంచి ఆకుపచ్చ. ఇక నవంబరు చివర్లో, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదలయ్యేదాకా ఇదే ఉంటుంది.

గుడ్డను బల్ల మీద తిరగేసి, తడి బట్ట పరిచి ఇస్త్రీ చేశాం. వెనకవైపు చూస్తే అంతా దారాల చిక్కు, ముడులు. ఇటు తిప్పితే మధ్యలో మండుతున్న పొద. కొమ్మలు జరీతో, మంటలు నారింజ పట్టుదారంతో కుట్టారు. ఎడమవైపు చివరి మంట సగం విడిపోయింది. బైబిల్లో మోషే చూసిన పొద మండుతున్నా కాలిపోలేదు గానీ ఈ పొదను మాత్రం చిమ్మటలు కొరికాయి.

స్కాట్లాండ్ చర్చి గుర్తే ఈ పొద. ‘అయినా అది కాలిపోలేదు’ అని లాటిన్‌లో దాని నినాదం. హింసలు పడిన ఫ్రాన్సు ప్రొటెస్టెంట్లు 1583 నాటికే దీన్ని ముద్రగా వాడారు. ఇక్కడ 1691లో జార్జ్ మోస్మన్ అనే ముద్రాపకుడు ఈ చర్చి పెద్ద సభ అయిన జనరల్ అసెంబ్లీ తీర్మానాల పుస్తకం ముఖపత్రం మీద అచ్చు వేశాడు. 1560లో పటాలనూ ప్రతిమలనూ బయట పారేసిన సంఘానికి గుర్తు లేకపోతే తోచలేదన్నమాట. మెదక్ చర్చిలో రంగుటద్దాల కిటికీల కింద పెరిగిన నాకు ఇది విని కాస్త తృప్తిగానే అనిపించింది.

ఆ సంఘం తనదనుకున్న రంగు నీలం. రాజు రుద్దిన ప్రార్థనల పుస్తకాన్ని ఎదిరించి, 1638లో ఎడింబరో గ్రేఫ్రయర్స్ చర్చి దగ్గర ఒడంబడిక మీద సంతకాలు చేసినవాళ్ళ రంగు అది. బట్టల అంచున నీలి దారం తగిలించుకోమన్న బైబిల్ సంఖ్యాకాండం మాటను దానికి ఆధారంగా చూపిస్తారు. ఇశ్రాయేలీయులకైనా మనకైనా చివరికి అంచు దగ్గరే తేలుతుంది వ్యవహారం!

అయితే ఈ ఊళ్ళో నీలం అంటే చర్చి ఒక్కటే కాదు. నీలం రేంజర్స్ ఫుట్‌బాల్ జట్టుది, అంటే ప్రొటెస్టెంట్లది. ఆకుపచ్చ సెల్టిక్ జట్టుది, అంటే ఐర్లండ్ నుంచి వచ్చిన కేథలిక్కులది. కొత్తలో తెలియక ఆకుపచ్చ స్వెటర్ వేసుకుని వెళ్ళిన రోజున ఒకరిద్దరు అదోలా చూశారు.

సూదిలో దారం ఎక్కిస్తూ పెద్దావిడ చెప్పింది: ‘‘మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ఆకుపచ్చ కర్టెన్ కూడా కట్టనివ్వలేదు, అమ్మాయీ. నలభై ఏళ్ళు ప్రతి ఆదివారం ఈ గుడ్డకు ఎదురుగానే కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు.’’

‘‘గమనించలేదేమో?’’ అన్నాను.

‘‘నిద్రపోయేవాడు’’ అంది.

నవ్వుతూ కుడితే కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ వేశాను. సరిపోయే నారింజ దారం అక్కడ దొరకలేదు. నా పెట్టెలో కంచి చీర కోసం తెచ్చుకున్న రీలు ఉంటే దానితోనే మంట పూర్తి చేశాను. ఒక ఛాయ ముదురు. మూడో వరస దాటి వెనక్కి కూర్చుంటే తెలియదు.

మా సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గుర్తు ఎలా ఉంటుందని అడిగితే పెన్సిల్‌తో గీసి చూపించాను. శిలువ, తామర రేకులు, అగ్ని నాలుకలు. 1947 సెప్టెంబరు 27న ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్‌వాళ్ళు, ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇలా వేర్వేరు శాఖల క్రైస్తవులు మద్రాసులో ఏకమయ్యారని చెప్పాను. మంటలు చూసి తల ఊపింది. ఆ కలయికలో బిషప్పులు కూడా వచ్చారని చెప్పగానే ఆ ఊపడం ఆగింది.

‘‘మేము వాళ్ళను 1638లోనే పంపించేశాం. ఇక్కడే, మన కేథడ్రల్‌లోనే.’’

‘‘ఆగమన కాలానికి వేసే ఊదా రంగు గుడ్డ మాత్రం ఉంచుకున్నారుగా? మాకు అది బిషప్ గారి అంగీ రంగు’’ అన్నాను.

జవాబు లేదు. బీరువా తెరిచి, కలరా ఉండల వాసన మధ్య నుంచి ఆ ఊదా గుడ్డ తీసి అంచు చూపించింది. దానికీ ఫాల్ ఊడింది.

‘‘నవంబరు లోపు కుడతావా?’’ అంది.

సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.