చేతికి అంటిన నీలం

మా ఆర్ట్ గ్రూపు వాళ్లు 40 నిమిషాలు మాట్లాడమంటే సరేనన్నాను. ఏళ్ల తరబడి గుడ్డలకు రంగులు అద్దుతున్నదాన్ని, మాటలకేం కొదవ అనుకున్నాను. తీరా కాగితం ముందు పెట్టుకుంటే మొదటి వాక్యమే రాలేదు. “చిన్నప్పటి నుంచీ గుడ్డలంటే ప్రాణం” అని రాసి కొట్టేశాను. పచ్చి అబద్ధం. బొమ్మలు వేద్దామనుకుని, కాన్వాసు మీద కుదరక గుడ్డ మీదికి వచ్చినదాన్ని.

అది నలుగురిలో చెప్పడానికి సిగ్గేసింది. అప్పుడు నేత కళాకారిణి అనీ ఆల్బర్స్ గుర్తొచ్చారు. 1922లో జర్మనీలోని బౌహౌస్ అనే కళల బడిలో చేరినప్పుడు ఆమెకు మగ్గం మీద మోజేమీ లేదు. గాజు పని నేర్చుకోవాలనుకున్నారు. అక్కడ ఆడవాళ్లను ఎక్కువగా నేత వైపే పంపేవారు. అదే మనిషి నేతపనికి 1949లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో విడిగా ప్రదర్శన పెట్టారు. ఆమెతో నాకు పోలికేమిటి గానీ, ఇష్టం వెనకాలే రావచ్చని కాస్త ధైర్యం చెప్పుకున్నాను.

ఫొటోలు ఇంట్లో బాగానే కనబడ్డాయి. హాల్లో ప్రొజెక్టర్ వేసేసరికి నా నీలాలన్నీ ప్లాస్టిక్ బకెట్ రంగులోకి దిగిపోయాయి. చిరాకేసి, సంచిలోంచి కొత్త గుడ్డ ఒకటి తీసి ముందు వరుసలో ఒకావిడ చేతికిచ్చాను. “చూసి పక్కవారికి ఇవ్వండి” అని నీలి తొట్టి గురించి మొదలుపెట్టాను.

నీలిమందు మామూలు నీళ్లలో కరగదు. అది కరగడానికి నేను 1 వంతు నీలిమందుకి 2 వంతుల సున్నం, 3 వంతుల ఫ్రక్టోజ్, అంటే పండ్ల చక్కెర, కలుపుతాను. తొట్టి తయారైతే పైన రాగి రంగు తెట్టు, కింద పసుపు కలిసిన ఆకుపచ్చ నీళ్లు. ముంచి తీసిన గుడ్డ కూడా మొదట పచ్చగానే ఉంటుంది. గాలి తగిలేకొద్దీ కళ్ల ముందే నీలమవుతుంది. మడతల లోపల మాత్రం ఇంకాసేపు పచ్చదనం దాక్కుని ఉంటుంది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, అయినా ఆ నిమిషంలో ఎవరు ఫోన్ చేసినా తీయను.

ఇలా చెబుతుండగా మూడో వరుసలో ఒకాయన చేయెత్తారు. వేళ్లు నీలంగా ఉన్నాయి. “ఏమండీ, ఇది అంటుకుంటోంది!”

హాలంతా నవ్వులు. నా చెవులు వేడెక్కాయి.

కారణం నాకు తెలుసు. ముదురు రంగు కావాలంటే పలచటి తొట్టిలో ముంచడం, గాలికి పట్టడం, మళ్లీ ముంచడం, ఇలా ఎనిమిది పదిసార్లు చెయ్యాలి. టాక్‌కి కొత్త పీసు ఉండాలన్న యావలో చిక్కటి తొట్టిలో మూడు ముంచులతో కానిచ్చేశాను. నీళ్లు తేరేదాకా జాడించనూ లేదు. పోగుకి పట్టని రంగు పైపైన ఉండిపోయింది. కొత్త జీన్స్ కూడా అంటుతుంది కదా అని దబాయించొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఎందుకో ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఇక ప్రశ్నలే ప్రశ్నలు. ఇనుము నీళ్లు ఎక్కువై, నల్లగా బాగుందని మురిసిపోయేలోపే పోగు పెళుసెక్కి చిరిగిన గుడ్డ సంగతీ బయటపెట్టాల్సి వచ్చింది. రాసుకున్న పేజీలు సగం చదవనేలేదు.

ఇంటికొచ్చి ఆ గుడ్డను బకెట్లో వేశాను. ఏడోసారి మార్చిన నీళ్లూ లేత నీలంగానే ఉన్నాయి. ఒక అంచున ఎవరో చెమట చేత్తో గట్టిగా రుద్ది చూసినట్టున్నారు, బొటనవేలంత మేర రంగు పలచబడింది. మళ్లీ తొట్టిలో ముంచాలో, అలాగే ఉంచాలో ఇంకా తేల్చుకోలేదు.