రాగి మాల్ట్ టెక్నాలజీ లైసెన్స్ తీసుకున్నాక తెలిసిన సంగతులు

మైసూరులో ఉన్న కేంద్ర ప్రభుత్వ ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ దగ్గర రాగి మాల్ట్ (మొలకెత్తించిన రాగుల పిండి) తయారీ టెక్నాలజీ తీసుకున్నానంటే చాలు, "అయితే గవర్నమెంటే అమ్మిపెడుతుందా?" అని అడుగుతున్నారు. అమ్మిపెట్టదండీ. 1950లో మొదలైన ఆ సంస్థ పని పరిశోధన చేసి తయారీ పద్ధతి తేల్చడం వరకే, ఫ్యాక్టరీ పెట్టడం, అమ్ముకోవడం, నష్టమొస్తే భరించడం అన్నీ లైసెన్స్ తీసుకున్నవాళ్ల మీదే. గేదెపాలతో పసిపిల్లల పాలపొడి చేసే పద్ధతి కనిపెట్టింది వాళ్లే అయినా, ఇంటింటికీ చేర్చింది అమూల్.

కాగితాల పని పెద్ద కష్టమేమీ కాదు. దరఖాస్తు, ఒప్పందం, ఫీజు, దాని మీద జీఎస్టీ, తర్వాత తయారీ వివరాల పత్రం, డెమో. లైసెన్స్ నాన్ ఎక్స్‌క్లూజివ్, అంటే రేపు మా పక్క ఊరివాళ్లు కూడా ఇదే తీసుకోవచ్చు.

"రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టడానికి డబ్బులెందుకు బావా, మా అమ్మ చేసేదీ ఇదేగా" అన్నాడు మా బావమరిది. నిజమే, కానీ మొలకెత్తినప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది, అది పిండిపదార్థాన్ని విడగొట్టడం వల్ల పిండి ఎక్కువ వేసినా జావ పలచగా ఉంటుంది, పసిపిల్లలు తాగే ఆ కాస్తలోనే ఎక్కువ బలం వెళ్తుంది. ఆరబెట్టేటప్పుడు వేడి మితిమీరితే ఆ ఎంజైమ్ కాస్తా పోతుంది. ఎంత వేడి, ఎంతసేపు, గింజలో తేమ ఎంత మిగలాలి అన్న లెక్కకే నేను డబ్బు కట్టింది.

అసలు టెన్షన్ అంతా బస్తాల లెక్కన చేయడం మొదలుపెట్టాకే. మొలకలు కుప్పగా ఉంటే వాటంతట అవే వేడెక్కుతాయి, అడుగున పులిసిన వాసన. దానికితోడు ఒక మెషీన్ల కంపెనీ అంటగట్టిన డ్రయ్యర్‌లో ఒక మూల మాడేది, ఇంకో మూల పచ్చిగానే ఉండేది, ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు కాదు. డెమో చూపించిన సైంటిస్టుగారికి ఫోన్ చేస్తే పలచగా పరచమని, మధ్యమధ్యలో తిరగేయమని ఓపిగ్గా చెప్పారు. డ్రయ్యర్ బాగుచేయించుకోవడం మాత్రం నా పనే.

చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఉంటుంది, కానీ అది బ్యాంకు లోనుతో ముడిపడింది. మేనేజరుగారు లైసెన్స్ కాగితం పక్కన పెట్టి "ఆర్డర్లు ఏవి?" అన్నారు. ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్స్ కూడా విడిగా మనమే తెచ్చుకోవాలి.

మీరూ తీసుకునేట్టయితే గడువు ఎన్నేళ్లు, అమ్మకాల మీద రాయల్టీ ఉందా, డెమో అయ్యాక సలహా ఎన్నాళ్లు ఇస్తారు, ప్యాకెట్ మీద సంస్థ పేరు వేసుకోవచ్చా అన్నవి సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి.