చర్మం మీద ఎండ మిగిల్చిన గుర్తులు

ముఖం మీద ముడతలు, చేతుల వెనక మచ్చలు, మెడ వెనక మొద్దుబారిన చర్మం కనిపించగానే చాలామంది వాటిని వయసు ఖాతాలో వేసేస్తారు. వయసుకు అందులో వాటా లేదని కాదు. కానీ అదే మనిషి జబ్బ లోపలివైపు, చంకకు దగ్గరగా, ఎప్పుడూ ఎండ సోకని చర్మాన్ని చూస్తే అది నునుపుగా, ఒకే రంగులో, చాలావరకు మచ్చ లేకుండా ఉంటుంది. రెండు చోట్లా చర్మం వయసు ఒక్కటే. ముంజేతికీ ఆ లోపలి భాగానికీ కనిపించే తేడాలో ఎక్కువ భాగం ఎండ తెచ్చినదే. ఎండ చేసిన హానిని ఇంట్లో గుర్తుపట్టడానికి ఇంతకంటే నమ్మదగిన పద్ధతి నాకు తెలియదు: ఇంకొకరి చర్మంతో పోల్చుకోకుండా, మన ఒంటి మీదే ఎండ తగిలిన చోటును తగలని చోటుతో పోల్చుకోవడం.

నేను అప్పుడప్పుడు చేతిగడియారం తీసి, పగటి వెలుతురు ఏటవాలుగా పడేలా కిటికీ పక్కన చేయి పెట్టి చూసుకుంటాను. పట్టీ కింది చర్మం మీద సన్నని గీతలు దగ్గరదగ్గరగా, చిన్న చిన్న త్రికోణాలు ఏర్పడేటట్లు అల్లుకుని ఉంటాయి. పట్టీ దాటి రెండు వేళ్ల దూరం వెళ్లేసరికి ఆ అల్లికలో కొన్ని గీతలు చెరిగిపోయి, మిగిలినవి లోతై, ఒకే దిశలో సాగుతాయి. ఇది ఊహ మీద ఆధారపడిన పరిశీలన కాదు. ఆస్ట్రేలియాలోని నంబూర్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో పరిశోధకులు చేతి వెనక చర్మానికి సిలికాన్ అచ్చులు తీసి, ఈ గీతలు ఎంత చెదిరాయన్న దానిని బట్టే ఎండ హానిని లెక్కగట్టారు. 2013లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, నాలుగున్నరేళ్లపాటు రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారి చర్మంలో వార్ధక్యపు మార్పులు, తోచినప్పుడు మాత్రమే రాసుకున్నవారి కంటే 24 శాతం తక్కువగా ఉన్నాయి.

ఇదంతా చేసేది అతినీలలోహిత కిరణాలు. వాటిలో 280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న యువిబి కిరణాలు ప్రధానంగా చర్మం పైపొరలో ఆగిపోయి, దానిని కమిలిస్తాయి. 315 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఉండే యువిఎ కిరణాలు లోపలి పొర దాకా దిగి, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులను ఏళ్ల తరబడి మెల్లగా పాడుచేస్తాయి. మామూలు కిటికీ అద్దం యువిబిని చాలావరకు ఆపుతుంది కానీ యువిఎలో ఎక్కువ భాగాన్ని లోనికి రానిస్తుంది. అందువల్ల ఒళ్లు ఎన్నడూ కమలని మనిషికి కూడా హాని జరుగుతూనే ఉండవచ్చు. 28 ఏళ్లపాటు సరుకుల ట్రక్కు నడిపిన 69 ఏళ్ల డ్రైవరు ఫోటోను 2012లో ఒక అమెరికన్ వైద్య పత్రిక ప్రచురించింది. కిటికీ వైపున ఉండే ఎడమ చెంప మందమై, లోతైన ముడతలతో వేలాడుతుంటే, కుడి చెంప దానికంటే ఎన్నో ఏళ్లు చిన్నదిగా కనిపించింది. అందుకే రోజూ వాహనం నడిపేవారు, కిటికీ పక్కనే కూర్చుని పనిచేసేవారు ముఖంలో రెండు వైపులనూ విడివిడిగా చూసుకోవాలి.

కమలడం అందరికీ తెలిసిన గుర్తే అయినా నల్లని చర్మంలో అది తేలికగా దాటిపోతుంది. ఎరుపు పైకి కనిపించకపోవచ్చు. ముట్టుకుంటే వేడిగా ఉండడం, బిగదీసినట్లు అనిపించడం, మంట, కొన్నాళ్లకు పొర లేవడం మాత్రమే తెలుస్తాయి. అదీగాక ఎండలో ఉన్నప్పుడే ఇవి కనిపించవు. మూడు నుంచి ఆరు గంటల తరువాత మొదలై, మరునాటికి ముదురుతాయి. అందువల్ల నిన్నటి ఎండకు సంబంధించిన మంటను చాలామంది ఈ రోజు వాడిన సబ్బుకో, క్రీముకో అంటగడతారు.

నల్లని చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం కొంత రక్షణ ఇస్తుందన్నది నిజమే, కానీ ఆ రక్షణ సంపూర్ణం కాదు. తెల్లని చర్మంలో ఎండ హాని ముందుగా ముడతలుగా బయటపడితే, గోధుమ, నలుపు రంగు చర్మాలలో ముందుగా రంగు తేడాలుగా బయటపడుతుంది. చెంపల మీద, నుదుటి మీద, పై పెదవి పైన వచ్చే మంగు మచ్చలకు హార్మోన్లు, వంశపారంపర్యం కారణమైనా, వాటిని ముదిరించేదీ, తగ్గిన తరువాత మళ్లీ రప్పించేదీ ఎండే. చేతుల వెనక, ముఖం మీద అంచులు స్పష్టంగా తెలిసే గోధుమరంగు మచ్చలు వేరు. చిన్ననాటి నుంచి ఉండే సన్నని గోధుమ చుక్కలు ఎండలు తగ్గాక పలచబడతాయి. ఈ మచ్చలు మాత్రం ఏ కాలంలోనూ పోవు. కాళ్ల మీద, ముంజేతుల మీద సన్నని తెల్లని చుక్కలు కనబడితే బొల్లి అని భయపడేవారు చాలామంది ఉన్నారు. వయసుతోపాటు వచ్చి, ఎండ తగిలే చోట్ల ఎక్కువగా కనిపించే ఈ చుక్కలు కొన్ని మిల్లీమీటర్లకు మించి పెరగవు, ఒకదానితో ఒకటి కలిసిపోవు, హాని చేయవు.

మెడను ప్రత్యేకంగా చూడాలి. చుబుకం నీడ పడే చోట చర్మం మామూలుగా ఉండి, దానికి రెండు పక్కలా ఎరుపు, గోధుమ కలిసిన మచ్చల వల ఏర్పడితే అది ఎండ పని అనడానికి ఆ నీడ ఆకారమే సాక్ష్యం. మెడ వెనక చర్మం మందమై, అడ్డదిడ్డంగా లోతైన చారలు పడడం ఎక్కువ కాలం ఆరుబయట పనిచేసినవారిలో కనిపిస్తుంది. పెద్దవారి ముంజేతుల మీద చిన్న తాకిడికే ఊదారంగు మచ్చలు ఏర్పడడం కూడా చాలాసార్లు ఎండ వల్ల రక్తనాళాల చుట్టూ ఆధారం సన్నగిల్లడం వల్లనే జరుగుతుంది, కానీ రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి వైద్యులకు చెప్పి తీరాలి.

ఇక కంటికంటే వేలికి ముందు తెలిసే గుర్తు ఒకటి ఉంది. నుదురు, బట్టతల, చెవుల పైఅంచు, చేతి వెనక భాగం మీద గరుకు కాగితంలా తగిలే చిన్న పొలుసు మచ్చ ఉండి, గిల్లితే ఊడి, మళ్లీ అక్కడే వస్తుంటే దానిని పొడిబారిన చర్మం అనుకుని నూనె రాసి ఊరుకోకూడదు. దానిని వైద్యులు ఆక్టినిక్ కెరటోసిస్ అంటారు. తెల్లని చర్మం ఉన్నవారిలో ఎక్కువగా వచ్చే ఈ మచ్చల్లో అధికభాగం క్యాన్సర్‌గా మారవు, కానీ కొన్ని మారతాయి, ఏది మారుతుందో ముందుగా చెప్పలేము. కింది పెదవికీ ఇదే వర్తిస్తుంది. అది పైకి తిరిగి ఉండడం వల్ల పై పెదవి కంటే ఎక్కువ ఎండను భరిస్తుంది. పెదవికీ చర్మానికీ మధ్య ఉండే గీత చెదిరిపోయి, ఎన్నాళ్లకూ తగ్గని పొలుసు, పగులు ఉంటే చూపించుకోవాలి.

రక్తం కారి, చెక్కు కట్టి, మానినట్లే మాని మళ్లీ కారే పుండును నెల దాటనివ్వకూడదు. నిగనిగలాడుతూ పెరిగే చిన్న బుడిపెను, నల్లని చర్మంలో అయితే పుట్టుమచ్చలా కనిపించే నల్లని బుడిపెను కూడా ఇలాగే అనుమానించాలి. పుట్టుమచ్చల విషయంలో చూడవలసినవి రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచులు వంకరలు పోవడం, ఒకే మచ్చలో పలు రంగులు ఉండడం, 6 మిల్లీమీటర్లకు మించడం, అన్నిటికీ మించి కొద్ది నెలల్లో మారిపోవడం. ఒంటి మీది మిగతా పుట్టుమచ్చలతో పోలిక లేని ఒంటరి మచ్చ ఉంటే, పై లక్షణాలు సరిపోకపోయినా చూపించడమే మంచిది. పక్కన స్కేలు పెట్టి, ఒకే వెలుతురులో తీసిన ఫోటోలు ఉంటే మార్పు వైద్యులకు వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలని ఉంది. మచ్చ ఏమిటో తేలకముందే దానిని తెల్లబరచే క్రీములు రాయడం నాకు తీవ్రమైన ఆందోళన కలిగిస్తుంది. వాటిలో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి. నెలల తరబడి వాడితే అవి చర్మాన్ని పలచబరచి, సన్నని ఎర్రని రక్తనాళాలను పైకి తేలుస్తాయి. ఈ మార్పులు ఎండ గుర్తులను పోలినవే కాబట్టి అసలు సమస్య ఏదో తేల్చడం వైద్యులకు కూడా కష్టమవుతుంది. కొద్దిపాటి ఎండకే ఎన్నడూ లేనంతగా ఒళ్లు కమిలితే, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్‌లు, రక్తపోటుకు వాడే హైడ్రోక్లోరోథయాజైడ్ వంటి మందులు కొత్తగా మొదలుపెట్టారేమో కూడా ఆలోచించాలి. మందును సొంతంగా ఆపకుండా, రాసిన వైద్యులనే అడగాలి.

చివరగా, ఎండ తగిలే చోట్లనే వెతికి ఊరుకుంటే దాటిపోయేది ఒకటుంది. నల్లని చర్మం ఉన్నవారిలో మెలనోమా అన్న ప్రమాదకరమైన క్యాన్సర్ అరుదే అయినా, వచ్చినప్పుడు తరచుగా అరికాలిలో, అరచేతిలో, గోరు కింద మొదలవుతుంది. దానికి ఎండ ప్రధాన కారణం కాదని భావిస్తున్నారు. అరికాలిలో పెరుగుతున్న నల్లని మచ్చనూ, ఒకే గోటిలో కొత్తగా వచ్చి వెడల్పవుతున్న నల్లని గీతనూ, ముఖ్యంగా ఆ నలుపు గోరు మొదట్లోని చర్మంలోకి పాకుతున్నప్పుడు, దెబ్బ తగిలి నెత్తురు గడ్డకట్టిందనుకుని వదిలేయకుండా చర్మ వైద్యులకు చూపించాలి.